బెంగళూరులో ఇండీ పాప్ బ్యాండ్ షోకి వెళ్లడం ఎలా: టికెట్ దగ్గర్నుంచి పీజీ గేటు దాకా

బెంగళూరులో ఇండీ బ్యాండ్ల (సినిమాలకీ పెద్ద మ్యూజిక్ కంపెనీలకీ కాకుండా సొంతంగా పాటలు చేసుకునేవాళ్లు) లైవ్ షోకి మొదటిసారి వెళ్లబోయే మనవాళ్లు అడిగేవి దాదాపు ఎప్పుడూ ఇవే. టికెట్ మీద ఏడు గంటలని ఉంది, ఏడుకే వెళ్లాలా? ముందు నిలబడితే మంచిదా, వెనకా? చెవులకి ఏమైనా అవుతుందా? పదకొండు దాటాక మారతహళ్లికో బీటీఎంకో ఎలా చేరాలి, పీజీ గేటు తీస్తారా?

వీటన్నిటికీ జవాబులు ఒక విషయం చుట్టూనే తిరుగుతాయి. ఇండీ పాప్‌కి ప్రాణం గొంతు, పాటలోని మాట. కొచ్చి బ్యాండ్ వెన్ చాయ్ మెట్ టోస్ట్, చెన్నై బ్యాండ్ ద ఎఫ్16స్, పుణె బ్యాండ్ ఈజీ వాండర్లింగ్స్, వీళ్లలో ఎవరిని తీసుకున్నా పాట చిన్నగానే ఉంటుంది, మాట దగ్గరగా తగులుతుంది. ఆ మాట మీ చెవికి స్పష్టంగా చేరితేనే షో బాగా చూసినట్టు. కింద చెప్పేవన్నీ అందుకోసమే.

కావలసినవి

- టికెట్ కొన్న యాప్, అందులో మీ లాగిన్ పనిచేస్తూ ఉండాలి
- ఒరిజినల్ గుర్తింపు కార్డు. డిజిలాకర్ చాలా చోట్ల చెల్లుతుంది కానీ తలుపు దగ్గరి మనిషి ఒప్పుకోకపోతే అక్కడ వాదించి లాభం ఉండదు
- ఇయర్‌ప్లగ్‌లు రెండు జతలు (ఒకటి పడిపోతుంది, ఖాయం)
- వేళ్లు మూసుకునే షూ. చెప్పులు వద్దు, చీకట్లో కాళ్లు తొక్కుతారు
- 300 రూపాయల క్యాష్. జనం ఎక్కువైతే నెట్‌వర్క్ పడిపోతుంది, యూపీఐ తిరుగుతూనే ఉంటుంది
- బయటి గ్రౌండ్‌లో షో అయితే, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పల్చటి జాకెట్

తీసుకెళ్లకూడనివి: నీళ్ల సీసా, పర్ఫ్యూమ్, లైటర్, గొడుగు, లెన్స్ మార్చే కెమెరా. చాలా చోట్ల పవర్‌బ్యాంక్‌ని కూడా ఆపేస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగ్ వద్దు. శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. బ్యాగులు దాచే చోటు లేకపోతే మూడు గంటలు భుజాన మోయాలి, వెనక ఉన్నవాళ్లకి అది తగులుతూనే ఉంటుంది.

1. ముందు వేదిక ఎలాంటిదో తెలుసుకోండి

ఒకే బ్యాండ్ మూడు రకాల చోట్ల మూడు రకాలుగా వినిపిస్తుంది.

పబ్ లేదా క్లబ్: కోరమంగలలోని ఫ్యాండమ్ లాంటివి. కొన్ని వందల మంది, నిలబడి చూడాలి, స్టేజి మీకు పది అడుగుల్లో ఉంటుంది. వయసు చూస్తారు, 21 నిండాలన్నది మామూలు షరతు. మీతో కాలేజీలో చదివే తమ్ముడో చెల్లెలో వస్తుంటే టికెట్ కొనకముందే ఆ షరతు చదవండి. గేటు దగ్గర వెనక్కి పంపితే డబ్బు తిరిగి ఇవ్వరు.

కూర్చుని చూసే హాలు: దొమ్మలూరులోని బెంగళూర్ ఇంటర్నేషనల్ సెంటర్, మల్లేశ్వరం వైపు ఉన్న చౌడయ్య మెమోరియల్ హాల్ లాంటివి. మాట బాగా వినిపిస్తుంది, మోకాళ్లకి హాయి. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉంటే వాళ్లని తీసుకెళ్లదగ్గవి ఇవే.

ఓపెన్ గ్రౌండ్: ఫీనిక్స్ మార్కెట్‌సిటీ ఆవరణ, ఎయిర్‌పోర్ట్ రోడ్డు వైపు ఎంబసీ రైడింగ్ స్కూల్ వంటివి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది టైమ్. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లకి నిషేధం. అందుకే గ్రౌండ్ షోలు మధ్యాహ్నమో సాయంత్రమో మొదలై పదికల్లా ముగుస్తాయి. తొమ్మిదికి చేరితే షోలో చాలా భాగం అయిపోయి ఉంటుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇక్కడ వాన గట్టిగానే పడుతుంది. గొడుగు లోపలికి రానివ్వరు కాబట్టి మడిచి జేబులో పెట్టుకునే రెయిన్‌కోట్ కొనుక్కోండి.

మొదటిసారికి చిన్న క్లబ్బే మంచిది. పాడేవాళ్ల ముఖం కనబడుతుంది, పాటకీ పాటకీ మధ్య వాళ్లు చెప్పే మాటలూ వినబడతాయి. ఇలాంటి చోట్లు ఈ ఊళ్లో ఎక్కువ కాలం నిలబడవు కూడా. ఇందిరానగర్‌లో ఎన్నో బ్యాండ్లకి ఇల్లులా ఉన్న ద హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడింది. ఉన్నప్పుడే వెళ్లాలి.

2. టికెట్ కొనడం

బ్యాండ్ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఉన్న లింకు నుంచే మొదలుపెట్టండి. అది ఎక్కువగా బుక్‌మైషో, డిస్ట్రిక్ట్, స్కిల్‌బాక్స్ లాంటి యాప్‌లకి తీసుకెళ్తుంది. గూగుల్‌లో వెతికితే ముందు వచ్చే ప్రకటనలు నొక్కకండి.

లెక్క ఇలా చూసుకోండి. కచేరీ టికెట్ 500 రూపాయల వరకు జీఎస్టీ లేదు, దాటితే 18 శాతం. పన్ను కలపని ధర 800 అయితే 144 కలిసి 944 అవుతుంది, దానిమీద కన్వీనియన్స్ ఫీజు, ఆ ఫీజుకి మళ్లీ జీఎస్టీ. కొన్ని చోట్ల చూపించే ధరలోనే పన్ను కలిసి ఉంటుంది. కాబట్టి స్నేహితుల దగ్గర డబ్బు వసూలు చేసేముందు పేమెంట్ పేజీలోని చివరి అంకె చూడండి.

పబ్ షోలలో ఇంకో సంగతి. 'కవర్' అంటే కొన్నిచోట్ల ఆ డబ్బుకి తిండీ తాగుడూ ఇస్తారు, కొన్నిచోట్ల అది లోపలికి వెళ్లడానికి మాత్రమే. కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

టికెట్లు అయిపోతే యాప్‌లోనే పేరు మార్చి పంపే సదుపాయం ఉందేమో చూడండి. ఉంటే అమ్మే వ్యక్తిని అలాగే పంపమనండి. స్క్రీన్‌షాట్‌కి డబ్బు పంపకండి. ఒకే క్యూఆర్‌ని పదిమందికి అమ్మొచ్చు, మొదట స్కాన్ అయినవాడే లోపలికి వెళ్తాడు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీరు కొన్న టికెట్‌ని సంతోషంలో స్టేటస్‌గా పెట్టేటప్పుడు క్యూఆర్‌ని పూర్తిగా కప్పండి.

3. వారం రోజులు వినండి

కొత్తగా వచ్చిన పాటలు అయిదు, బ్యాండ్‌కి పేరు తెచ్చిన పాటలు అయిదు. ఈ పది చాలు. రెండుసార్లు మామూలుగా వినండి, ఒకసారి మాటలు చదువుతూ వినండి. ఇంగ్లిష్‌లోనో హిందీలోనో మలయాళంలోనో ఉన్న పాట హాలులో మొదటిసారి వింటే పదాలు సగమే అందుతాయి. ముందే చదివి ఉంటే, స్పీకర్లో కాస్త మసకగా వచ్చినా మీ మనసు ఆ మాటని పూర్తి చేసుకుంటుంది. ముందు పాడే బ్యాండ్ పేరు కూడా పోస్టర్ మీద ఉంటుంది, వాళ్లవీ రెండు పాటలు వినండి. రేపటి మీ ఇష్టమైన బ్యాండ్ తరచూ అక్కడే దొరుకుతుంది.

4. తిరుగు దారి ముందే కట్టుకోండి

చాలామంది వెళ్లే దారి చూసుకుని, వచ్చే దారి వదిలేస్తారు. వరుస తిప్పండి.

పీజీలో ఉంటే ముందు గేటు సంగతి. పది, పదిన్నరకి తాళం వేసే పీజీలు చాలా. ఆ ఉదయమే పీజీ నడిపే అంకుల్‌కో ఆంటీకో చెప్పండి, ఒక వాట్సాప్ మెసేజ్ కూడా పెట్టండి: "రాత్రి పన్నెండు దాటుతుంది అంకుల్, గేటు దగ్గరికి వచ్చాక ఫోన్ చేస్తాను." వాచ్‌మన్ నంబర్ తీసుకోండి. రాత్రి భోజనం ఉండదు కాబట్టి రూమ్‌మేట్‌ని ఒక ప్లేటు పక్కన పెట్టమనండి.

మెట్రో: ఇందిరానగర్ షోకి పర్పుల్ లైన్‌లోని ఇందిరానగర్ స్టేషన్, ఫీనిక్స్ మార్కెట్‌సిటీకి సింగయ్యనపాళ్య స్టేషన్. కోరమంగలలో స్టేషన్ లేదు, ఆటో తప్పదు. చివరి రైలు టైమ్ స్టేషన్‌ని బట్టి, వెళ్లే దిశని బట్టి మారుతుంది. ఆ రోజు మెట్రో యాప్‌లో మీ స్టేషన్‌కే చూసి, ఆ టైమ్‌కి ఇరవై నిమిషాల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. హాలులో మోత వినబడదు, వైబ్రేషన్ ఆన్ చేయండి.

ఆటో: రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా మీటరుకి ఒకటిన్నర రెట్లు. అది న్యాయమైన చార్జీ, వాదించకండి. అంతకు మించి అడిగితే "మీటర్ హాకి అణ్ణా" (మీటర్ వేయండి అన్నా) అని కన్నడలో మెల్లగా అడగండి, లేదంటే ఆటో యాప్ నమ్మ యాత్రి తెరవండి.

క్యాబ్: షో అయిన నిమిషంలో, గేటు ముందు నిలబడి బుక్ చేస్తే రేటు పెరిగి ఉంటుంది, డ్రైవర్ మీ దగ్గరికి రాలేడు, క్యాన్సిల్ చేస్తాడు. వెలుతురు ఉన్న మెయిన్ రోడ్డు మీదుగా మూడు నాలుగు వందల మీటర్లు నడిచి, ఏ హోటలో పెట్రోల్ బంకో గుర్తుగా పెట్టి బుక్ చేయండి. ఒక్కరే వెళ్లే అమ్మాయిలు బండి ఎక్కగానే ట్రిప్‌ని ఇంట్లోవాళ్లకో రూమ్‌మేట్‌కో షేర్ చేయండి. ఒక్కరే వెళ్లడానికి వెనకాడనక్కర్లేదు. ఇలాంటి షోలకి ఒంటరిగా వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, ఎవరూ వింతగా చూడరు.

5. ఎన్నింటికి బయల్దేరాలి

టికెట్ మీద ఉన్నది తరచుగా తలుపులు తెరిచే టైమ్. ఏడు అని ఉంటే సాధారణంగా ఇలా నడుస్తుంది: ఏడుకి తలుపులు, ఏడు ముప్పావు ప్రాంతంలో మొదటి బ్యాండ్ ముప్పై నలభై నిమిషాలు, తర్వాత స్టేజి మార్చడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు, తొమ్మిది అటూ ఇటూగా అసలు బ్యాండ్, గంట నుంచి గంటన్నర. తలుపులు తెరిచిన అరగంటలో లోపల ఉండండి. కూర్చునే హాలులో మాత్రం టైమ్ అంటే టైమే, ఆలస్యమైతే పాటల మధ్య దాకా బయటే నిలబెడతారు.

వైట్‌ఫీల్డ్ నుంచో ఎలక్ట్రానిక్ సిటీ నుంచో వచ్చేవాళ్లు శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్ ఆగిపోయే సిల్క్ బోర్డ్ జంక్షన్‌నీ ఔటర్ రింగ్ రోడ్డునీ నమ్ముకోవద్దు. మ్యాప్ చూపించిన టైమ్‌కి సగం కలపండి, లేదా మెట్రోలో సగం దూరం వచ్చి ఆటో పట్టండి.

బయల్దేరే గంటన్నర ముందు కడుపునిండా కాకుండా, నిలబడేంత తినండి. రెండు ఇడ్లీ, ఒక వడ, గ్లాసు మజ్జిగ చాలు. ఖాళీ కడుపుతో మూడు గంటలు ఉక్కలో నిలబడి కళ్లు తిరిగి పడేవాళ్లు ఉంటారు.

6. గేటు దగ్గర

క్యూలోకి వెళ్లకముందే యాప్ తెరిచి టికెట్ పేజీ లోడ్ చేయండి, స్క్రీన్ వెలుతురు పెంచండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మంచిదే కానీ కొన్ని యాప్‌లలో క్యూఆర్ మారుతూ ఉంటుంది, అప్పుడది పనికిరాదు. చేతికి వేసే పట్టీ వదులుగా ఉంటే అక్కడే చెప్పండి, ఊడిపోతే మళ్లీ ఇవ్వరు. లోపలికి వెళ్లగానే మూడు చూసుకోండి: బయటికి వెళ్లే రెండో దారి, బాత్రూమ్, నీళ్లు.

7. ఎక్కడ నిలబడాలి

అన్నిటికంటే ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే, ఎక్కువమంది పొరపడేదీ ఇక్కడే.

స్టేజికి అతుక్కుని నిలబడితే మీకు వినబడేది డ్రమ్స్, గిటార్ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) నుంచి నేరుగా వచ్చే శబ్దం. గొంతు మాత్రం స్టేజి మీంచి రాదు, రెండు పక్కలా ఉన్న పెద్ద స్పీకర్ల నుంచి వస్తుంది. మొదటి వరుసలో ఉన్నవాళ్లకి ఆ స్పీకర్ల శబ్దం తల మీదుగానో పక్కనుంచో వెళ్లిపోతుంది. అందుకే గాయని పెదవులు కదలడం కనిపిస్తుంది కానీ మాట వినబడదు.

హాలులో వెనక్కి తిరిగి చూడండి. జనం మధ్యలో గానీ వెనక గానీ ఒక బల్ల, దానిమీద బోలెడు మీటల మిక్సర్, వెనక చిన్న లైటు కింద సౌండ్ ఇంజనీర్. ఆ మనిషి తన చెవికి బాగున్నట్టుగానే అన్నీ సర్దుతాడు. కాబట్టి ఆ బల్లకి రెండడుగుల ముందు, రెండు స్పీకర్లకీ సమదూరంలో ఉండే మధ్యగీత మీద నిలబడితే, వాళ్లు వినిపించాలనుకున్న పాటే మీరు వింటారు.

బల్ల ఏ మూలనో ఉంటే ఇలా లెక్క వేయండి: రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, స్టేజి మధ్యనుంచి దాదాపు అంతే వెనక్కి. స్పీకర్ల మధ్య ఇరవై అడుగులుంటే ఇరవై అడుగులు.

వద్దనుకోవలసిన చోట్లు: గోడ పక్క, మూలలు (బేస్, అంటే లోతైన శబ్దం, పోగుపడి బుడబుడమంటుంది), బాల్కనీ కింద లోతుగా (గొంతులోని పదును పోతుంది), స్పీకర్‌కి ఎదురుగా పది అడుగుల్లోపు (చెవులకి హాని), బార్ పక్కన (మెల్లటి పాటలో గ్లాసుల చప్పుడు, కబుర్లు).

సరిగ్గా ఉందో లేదో ఇలా పరీక్షించండి. మొదటి బ్యాండ్ పాడుతుండగా ఒక చరణం పూర్తిగా వినండి. స, శ, ట, ప లాంటి శబ్దాలు విడివిడిగా తెలుస్తున్నాయా? పక్క వాయిద్యం, కీబోర్డో రెండో గిటారో, విడిగా పట్టుకోగలుగుతున్నారా? గొంతు లేదు, తాళమే ఉంది అంటే నాలుగడుగులు వెనక్కి. కబుర్లే ఎక్కువ వినబడితే నాలుగడుగులు ముందుకి. స్టేజి మార్చే ఆ ఇరవై నిమిషాల్లో జనం సడలుతారు, చోటు మార్చుకోవడానికి అదే మంచి అదను. రెండో పాట దాకా సౌండ్ ఇంజనీర్ సర్దుతూనే ఉంటాడు కాబట్టి అసలు బ్యాండ్ మొదటి పాటకే విసుక్కోకండి.

పొడుగు తక్కువ ఉన్నవాళ్లకి: మధ్యగీత వదిలి మెట్టో చిన్న గట్టో ఉన్న చోటు వెతకండి. కళ్లకి అడ్డం పడే తల చెవికీ అడ్డమే, పదునైన శబ్దాలు మనుషుల ఒంట్లో ఇంకిపోతాయి.

8. చెవులు

సౌండ్ తీవ్రత 85 డెసిబెల్స్ ఉంటే ఎనిమిది గంటలు భరించవచ్చు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేదికలకి పెట్టిన ప్రమాణంలో పరిమితి సగటున 100 డెసిబెల్స్. క్లబ్ షో గంటన్నర ఉంటుంది. లెక్క మీరే చూడండి.

మెడికల్ షాపులో దొరికే స్పాంజి ప్లగ్‌లు చవక, కాపాడతాయి కూడా. లోటేమిటంటే పదునైన శబ్దాన్ని ఎక్కువగా కోసేస్తాయి, గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్‌లు అన్ని స్వరాలనీ దాదాపు సమంగా తగ్గిస్తాయి. నెలకో షోకి వెళ్లేవాళ్లు ఇవే కొనుక్కోవాలి. దూది పెట్టుకోవడం వల్ల దాదాపు ఏమీ ఉపయోగం లేదు. ఈతకొట్టేవాళ్ల ప్లగ్‌లు నీళ్ల కోసం, షో శబ్దానికి కాదు.

స్పాంజి ప్లగ్ పెట్టే పద్ధతి: చేతులు శుభ్రంగా తుడుచుకుని, ప్లగ్‌ని బొటనవేలు చూపుడువేలు మధ్య నలుపుతూ ముడత లేని సన్నటి వత్తిలా చేయండి. కుడి చెవికైతే ఎడమచేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగండి. దారి తిన్నగా అవుతుంది. వత్తిని లోపలికి నెట్టి, అది ఉబ్బేదాకా ముప్పై సెకన్లు వేలితో అదిమి పట్టండి. చాలామంది ఆ ముప్పై సెకన్లు ఆగరు, అది బయటికి జారి సగమే మూస్తుంది.

పరీక్ష: రెండు అరచేతులూ చెవుల మీద గట్టిగా మూసి తెరవండి. మూసినప్పుడు శబ్దం ఇంకా బాగా తగ్గితే ప్లగ్ సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్లీ పెట్టండి. పాట మొదలవకముందే పెట్టుకోండి. మొదటి రెండు నిమిషాలు వింతగా ఉంటుంది, తర్వాత చెవి అలవాటు పడుతుంది.

9. ఫోన్

ఒక పాట తీయండి, మిగతాది వినండి. వీడియో క్వాలిటీ 1080పి చాలు. వీడియో మొదలుపెట్టేముందు గాయని ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి, లైట్లు మారినప్పుడల్లా బొమ్మ తెల్లబడదు. ఫోన్‌ని తలకంటే పైకి ఎత్తకండి. ఫ్లాష్ వద్దు, ఇరవై అడుగుల దూరంలోని స్టేజికి అది చేరదు, ముందువాళ్ల జుట్టు మాత్రం మెరుస్తుంది. ఆడియో గరగరమంటే అది ఫోన్ మైక్ తట్టుకోలేని బేస్. స్పీకర్ నుంచి దూరంగా జరగండి, వేరే మందు లేదు.

10. తోపులాట

చిన్న ఇండీ షోలలో ఇది అరుదు. అయినా తెలిసి ఉండాలి. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట జరిగిన తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ప్రమాదం ఎక్కువగా గేట్ల దగ్గరే పుడుతుంది. ముందుకీ వెనక్కీ కదల్లేకుండా, భుజాలు నాలుగువైపులా ఒత్తుకుంటున్నాయంటే అప్పుడే బయటపడండి. పిడికిళ్లు ఛాతీ ముందు పెట్టి ఊపిరికి చోటు ఉంచుకోండి. జనానికి ఎదురు తోయకుండా, ఊపు సడలినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరగండి. కింద పడ్డ ఫోన్ కోసం వంగకండి.

11. షో అయ్యాక

చివరి పాట అయిపోగానే తలుపు వైపు పరిగెత్తకండి. చిన్న వేదికల్లో బ్యాండ్‌వాళ్లే బల్ల దగ్గర టీషర్టులు, పోస్టర్లు అమ్ముతారు, పది నిమిషాల్లో గుంపు తగ్గుతుంది. అక్కడ కొన్న ఒక టీషర్టు వాళ్లకి మీరు ఏడాదంతా యాప్‌లో విన్నదానికంటే ఎక్కువ మిగులుస్తుంది. టీషర్టు సైజు ఒంటిమీద పెట్టి చూసుకోండి, తర్వాత మార్చుకునే వీలుండదు. మాట్లాడాలంటే ఏ పాట ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పండి. వాళ్లు ఇంకా సామాను సర్దుకోవాలి.

మరుసటి రోజు ఉదయం ఫ్యాన్ ఆపి, నిశ్శబ్దమైన గదిలో ఒక నిమిషం కూర్చోండి. చెవిలో కీచుమనే శబ్దం ఉందా? ఎదుటివాళ్ల మాట మసకగా ఉందా? లేకపోతే ప్లగ్ సరిగ్గా పనిచేసినట్టే. కొద్దిగా ఉండి మధ్యాహ్నానికి పోతే, వచ్చేసారి స్పీకర్‌కి ఇంకా దూరంగా నిలబడాలి, ప్లగ్ పెట్టే పద్ధతి సరిచూసుకోవాలి. ఇరవై నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే, లేదా ఒక చెవి ఒక్కసారిగా వినబడటం తగ్గితే, సోమవారం దాకా ఆగకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.